ముగ్గురాయి మిల్లు కాడ తీసిన ఫొటో

మంగంపేట నుంచి కోడూరుకు వచ్చే దోవలో, ఒక మలుపు దాటినాక, పాత ముగ్గురాయి మిల్లు ఉండేది. గనిలో తవ్విన రాయిని పిండి చేసే మిల్లు. అది మూతపడి అప్పటికి రెండేండ్లు. పొద్దుగూకినాక ఆ పక్క ఎవరూ నడిచి పోయేవాళ్ళు కాదు. లారీవాళ్ళు కూడా మలుపులో హారన్ మీద పెట్టిన చెయ్యి మిల్లు దాటిందాకా తీసేవాళ్ళు కాదు.

తెల్లమనిషి తిరుగుతాందని చెప్పుకునేవాళ్ళు. కాళ్ళు, చేతులు, మొహం — అంతా పిండి చల్లినట్టు తెలుపంట. రాత్రిపూట రాయి మీద రాయి పడిన చప్పుడు... టక్. కొంచేపు ఏమీ ఉండదు. మళ్ళా... టక్.

ఆ తెల్లమనిషి ఎవరో కూడా అందరికీ తెలుసు. ఏసుమణి. పందొమ్మిదేండ్ల పిల్ల. మిల్లులో పని చేస్తా చేస్తా, తిరిగే బెల్టులో పైట చిక్కుకొని అక్కడికక్కడే పోయింది. ఆ నెలలోనే యజమాని మిల్లుకు తాళం వేసినాడు. ఆ పేరుతో మా కాడ ఎవరూ పని చెయ్యలేదన్నాడు. హాజరు పుస్తకంలో నిజంగానే ఆ పేరు లేదు. పని చెయ్యని పిల్ల మిల్లులో ఎట్లా చచ్చిపోయిందని అడిగినవాడు లేడు. దెయ్యమైందంటే మాత్రం ఊరంతా ఒప్పుకుంది.

ఈ సంగతి నాకు భూపేష్ చెప్పినాడు. కోడూరు బస్టాండు వెనక వాడిది జిరాక్సు, కంప్యూటరు అంగడి, ఫొటోలు కూడా తీస్తాడు. మేమిద్దరం ఒకే బెంచీలో కూచొని చదువుకున్నాం. వాడికి గొప్పలు చెప్పుకోవడం అలవాటు. ఇందులో వాడు గొప్ప చెప్పుకునేది ఏమీ లేదు, అందుకే నమ్మినా.

రెండు వేల నాలుగు, నవంబరు. పదో తరగతి పిల్లలకు బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు తీసేదానికి ఒక పల్లె హైస్కూలుకు పోయినాడు. పని తెమిలేసరికి బాగా చీకటి పడింది. తిరిగొస్తాంటే సరిగ్గా మిల్లు ఎదురుగా బండి ఆగిపోయింది.

కిక్కు కొట్టినాడు. మళ్ళా కొట్టినాడు... ఊహూఁ.

అప్పుడు వినపడింది.

టక్...

తల తిప్పకూడదనుకున్నాడంట. తిప్పినాడు. రేకుల షెడ్డు లోపల, బెల్టు చక్రం పక్కన ఎవరో నిలబడుండారు. ఒళ్ళు కనపడలేదు. మొహం ఒక్కటే... తెల్లగా... చీకట్లో తేలతాన్నట్టు.

మెడలో కెమెరా ఉంది. ధైర్యమొచ్చి తీసిన ఫొటో కాదది — కెమెరాను గట్టిగా పట్టుకుంటే వేలు బటన్ మీద పడింది. ఫ్లాష్ వెలిగింది. ఆ ఒక్క క్షణంలో చూసినాడు... ఆ మొహం వాడి వైపే చూస్తాంది.

బండి ఆడనే పారేసి పరుగెత్తినాడు. ఎదురుగా వచ్చిన ట్రాక్టరు శ్రీనివాసులు వాణ్ణి ఎక్కించుకొని ఇల్లు చేర్చినాడు. ప్యాంటు తడిసింది చూసినవాడూ అతనే. తెల్లారేసరికి ఆ సంగతి కోడూరంతా తెలిసిపోయింది.

రీలు కడిగితే ఫొటో పడింది. చుట్టూ చీకటి. చక్రం అంచు. దాని పక్కన తెల్లని మొహం, కండ్లుండేచోట రెండు నల్ల గుంతలు, భుజాల మీదికి జారిన నల్లని జుట్టు. చూసినవాళ్ళంతా దండం పెట్టుకొని, నాకొకటి, నాకొకటి అని అడిగినారు.

కాపీలు తీసిద్దామని భూపేష్ ఆ ఫొటోను స్కాన్ చేసినాడు. అంత నలుపు ప్రింటు తీస్తే ఇంకు డబ్బీ ఒక్కరోజులో ఎండిపోతుంది. ఇంకు మిగిలే దోవేదన్నా ఉందా అని, కంప్యూటరుతో పాటే వచ్చే పెయింట్‌లో ఆ బొమ్మ తెరిచి ఒక్కొక్క మెనూ చూసుకుంటా పోయినాడు. ఇన్వర్ట్ కలర్స్ అని ఒకటి కనపడింది. నొక్కినాడు.

చీకటంతా తెల్ల కాగితమైపోయింది. దాని మధ్యలో... నల్లని మొహం. నెరిసిన జుట్టు. ఆ చెంపలు, ఆ మూతి వాడు ఎరిగినవే.

జీవమ్మ. ఏసుమణి తల్లి.

కలెక్టరుకు అర్జీలు టైపు చేయించుకునేదానికి నాలుగుసార్లు వాడి అంగడికి వచ్చింది ఆమె. ప్రతిసారీ అదే బల్ల పక్కన నిలబడి, బిడ్డ ఎట్లా పోయిందో మొదటినుంచి చెప్పేది.

మరుసటి దినం సాయంత్రం, ఆ తిప్పిన బొమ్మను ప్రింటు తీసుకొని ఆమె ఇంటికి పోయినాడు. గుడిసె ముందర కాళ్ళు చాపుకొని కూచోనుంది. మడమల పగుళ్ళలో తెల్లని పిండి.

"రాత్రిపూట మిల్లు కాడ తిరిగేది నువ్వే గదా, జీవమ్మా?"

ఆమె అటూ ఇటూ చూసింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

"మిగిలిన రాళ్ళ గుట్ట ఉండాది, నాయనా. ఏరుకొచ్చి అమ్ముకుంటాండా. పగలు పోతే తరుముతారు. రాత్రయితే ఎవ్వురూ రారు."

"నీకు భయం లేదా? మణి తిరుగుతాందని అంటాండారు..."

"బతికినన్నాళ్ళూ అదే సాకింది నన్ను. ఇప్పుడూ అదే సాకతాండాది."

భూపేష్ జేబులో ఫొటో ఉంది... తియ్యబుద్ధి కాలేదు.

"ఈ మాట ఈడనే ఇడిసిపెట్టప్పా," అంది.

సరేనన్నాడు.

ఆ సరే అన్న మాట నాలుగు దినాలు నిలబడింది. ఐదో దినం టీ అంగడి కాడ పదిమంది ఉండంగా శ్రీనివాసులు అడిగినాడు — "ఏమప్పా భూపేషూ, ప్యాంటు ఆరిందా?"

అందరూ పగలబడి నవ్వినారు. టీ పోసేవాడు కూడా నవ్వినాడు. భూపేష్ జేబులోనించి రెండు ఫొటోలూ తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టినాడు.

"దెయ్యమంట దెయ్యం. కండ్లుంటే చూడండి. జీవమ్మ!"

ఆ రాత్రి హాయిగా నిద్రపోయినానని వాడే చెప్పినాడు. ఈ మాట చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు.

వారం తిరక్కముందే యజమాని మనుషులు రెండు లారీలతో వచ్చి గుట్టంతా ఎత్తుకపోయినారు. జీవమ్మ మీద దొంగతనం కేసు పెట్టినారు. స్టేషన్లో రెండు దినాలు కూచోబెట్టినారు. లారీవాళ్ళు హారన్ కొట్టడం మానుకున్నారు. సాయంత్రమైతే కుర్రోళ్ళు షెడ్డులో చేరి, ఆ చక్రం మీదనే గ్లాసులు పెట్టుకొని తాగేవాళ్ళు.

నెల తర్వాత ఒక మధ్యాన్నం, కరెంటు లేనప్పుడు, జీవమ్మ అంగడికి వచ్చింది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు.

"ఆ ఫొటో ఇయ్యప్పా. అందురూ చూసినారంట... నేనే చూల్లేదు."

రంగులు తిప్పి తీసిన ఫొటో చేతికిచ్చినాడు. చూసింది.

"నా మాదిరే ఉండాది. ఇదెట్లా తీసినావు?"

"తిప్పినా, జీవమ్మా. తెల్లగా ఉండేదంతా నల్లగా, నల్లగా ఉండేదంతా తెల్లగా చేస్తాది కంప్యూటరు."

"తిప్పకముందు ఎట్లుండె?"

మొదటిది ఇచ్చినాడు. గుమ్మం కాడికి, వెలుతురులోకి పోయి నిలబడింది. ఎంతసేపటికీ కదల్లేదు.

"ఆ రాత్రి నీ లైటు వెలిగింది నేనూ చూసినా," అంది మెల్లగా. "నేను బయట... గుట్టకు అవతల పక్క ఉన్నా."

"షెడ్డు లోపల గదా నువ్వుండింది? చక్రం కాడ..."

"నా బిడ్డ పోయిన తావది. ఆ రేకుల కిందికి నేను ఎన్నడూ అడుగు పెట్టలేదు."

ఆమె తలమీద కొంగు తీసింది. జుట్టు దూదిపింజ మాదిరి... ఒక్క నల్ల వెంట్రుక లేదు.

"అది పోకముందే నెరిసింది నాకు. నేను పిండి పూసుకున్నా నా జుట్టు తెల్లగానే ఉండాల గదప్పా? దీంట్లో చూడు..."

వాడు చూసినాడు. తెల్లని మొహం చుట్టూ నల్లని జుట్టు. తాను మొహాన్ని నల్లగా తిప్పినప్పుడు, ఆ జుట్టును కూడా తానే నెరిపించినాడు.

"మణి మిల్లు నుంచి వచ్చి నెత్తిగుడ్డ ఇప్పితే ఇట్లనే ఉండేది," అంది జీవమ్మ. "మొహమంతా పిండి. జుట్టు మాత్రం నల్లగా... దీని ఫొటో ఒక్కటి కూడా లేదు నా కాడ."

ఇస్తావా అని అడగలేదు. ఫొటోను కొంగులో చుట్టి రొంటిన దోపుకుంది. మెట్లు దిగింది. దిగి, వెనక్కి తిరిగింది.

"ఎంత బెదిరిపోయిందో చూసినావా, పాపం..." అంది. "నిన్ను చూసి."