ముత్యాలమ్మకు మొక్కిన చుక్కయ్య

"మా మేకపోతు కనబడుతలేదండి," అన్నాడు సమ్మయ్య, పక్కింటివాళ్ల సంగతి చెబుతున్నంత నిదానంగా.

ఖమ్మంలో విత్తనాల దుకాణం మీదున్న చిన్న గది అది. పెళ్లి సంబంధాల ఆరాలు, ఉద్యోగుల వివరాలు తీసే ప్రైవేట్ డిటెక్టివ్ వీరబాబు నవ్వలేదు. అతని అసిస్టెంట్ సోని కూడా నవ్వలేదు. లేచి ఫ్యాను ఆయన వైపు తిప్పి, గ్లాసుతో మంచినీళ్లు పెట్టింది. అదే పదివేలనిపించింది సమ్మయ్యకు.

ఆయన మణుగూరులో జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా రిటైరై, పినపాక దగ్గరి సొంతూళ్లో ఉంటున్నాడు. భార్య కన్నమ్మ పోయిన వానాకాలంలో చనిపోయింది. అప్పటి నుంచి ఆయనకు ఏడుపూ రాలేదు, ఆకలీ సరిగ్గా తెలియలేదు.

"నా గుండె ఆపరేషనప్పుడు మా ఆమె మొక్కింది. నేను ఇల్లు చేరితే మేకపిల్లను ముత్యాలమ్మకు ఇస్తానని. నేను ఇల్లు చేరిన. మొక్కు తీరకముందే ఆమె పోయింది. ఎల్లుండి ఆదివారం పండుగ. నిన్న పొద్దున లేచేసరికి కొట్టంల ఆ పోతు, మా చుక్కయ్య, లేడు."

"దొరికితే కోస్తారు కదా, మరి ఎందుకు వెతకడం?" అడిగాడు వీరబాబు.

సమ్మయ్య గ్లాసు పక్కకు జరిపాడు. "బతికుండో లేదో తెలవాలె. గంతే."

మర్నాడు సోనితో, సమ్మయ్యతో కలిసి కారులో ఊరికి వెళ్తూ వీరబాబు దారి పొడుగునా ఫోన్ చూశాడు. పినపాకలో ఫోటో స్టూడియో నడిపే భవాని, చుట్టుపక్కల ఇళ్లలో పెంచుకునే జీవాలను ఫోటోలు తీసి, వాటి గుణగణాలు రాసి 'మన ఊరి జీవాలు' పేజీలో పెడుతుంది. పిరికి కుక్కలు, అలిగే పిల్లులు ఉన్నా, ఎక్కువమంది అభిమానులు చుక్కయ్యకే.

మొట్టమొదటి ఫోటోలో పిల్లగా ఉన్న చుక్కయ్య తల మసకగా ఉంది. కింద రాత: 'వీడికి నీళ్లంటే పగ. ఒక్క చినుకు పడితే చాలు, తోక దాకా విదిలిస్తడు.'

ఇంకోటి: 'ప్రేమున్న మనిషి తువ్వాలు కొసే నములుతడు. వేరేవాళ్లది బంగారు తువ్వాలైనా ముట్టడు.'

చాలా తర్వాతి దాంట్లో గాజుల చెయ్యి ఒకటి చెంబుతో నీళ్లు పోస్తోంది. చుక్కయ్య కళ్లు మూసుకుని నిలబడ్డాడు. 'కన్నమ్మత్త రోజూ స్నానం చేపిస్తది. కదలడు, మెదలడు. మునీశ్వరుడే!'

"ఇప్పుడెవరు పోస్తున్నారు నీళ్లు?" అడిగాడు వీరబాబు.

"నేనే. ఆమె చేసిన పనుల్ల నాకు చేతనైంది అదొక్కటే."

వీరబాబు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. సోని అతని ముఖంలోకి చూసింది. ఆ ముఖం అట్లా నెమ్మదించిందంటే సగం కేసు అయిపోయినట్టేనని ఆమె నమ్మకం.

సాయంత్రానికి అందరూ సమ్మయ్య వాకిట్లో చేరారు. మేకల బేరగాడు లాలు పిలవకముందే అరుగు మీద కూర్చున్నాడు.

"దొంగతనమంటే నా దిక్కే చూస్తరు! ఆ మేక ఫోటో ఊరూరి ఫోన్లల్ల ఉంది సారూ. దాన్ని సంతకు తోలితే, 'చుక్కయ్య వచ్చిండు' అని జనం సెల్ఫీలు దిగుతరు. నాకేం పిచ్చా?"

భవాని ముక్కు ఎగబీల్చింది. "వదిలెయ్యమని పేజీల అందరూ రాసిండ్రు. నేనైతే బతిమిలాడిన, ఎత్తుకపోలే. సమ్మయ్య మామ మొహం చూసి ఆ పని చేస్తనా?"

కన్నమ్మ తమ్ముడు తిరుపతి అందరికంటే గట్టిగా మాట్లాడాడు. అశ్వారావుపేట దగ్గర పామాయిల్ తోటలో పని అతనికి.

"మా అక్క మాట పోవద్దు. మొక్కినామె లేనప్పుడు పుట్టింటోళ్లే బలిచ్చే యాట కొమ్ములు పట్టాలె. అది ఆచారం. నేను సిద్ధంగున్న. దొంగను పట్టుకోండ్రి సార్!"

"చుక్కయ్యతో మీకు చనువుందా?"

"ఏంది సార్, మేకతో చనువేంది? ఈ వాకిట్లకొచ్చి నెల దాటింది."

"తువ్వాలు బాగుంది. కొత్తదా?"

"అవ్. పండుగకని నిన్న తోట కాడికి పోయినప్పుడు అశ్వారావుపేటల కొన్న."

వీరబాబు వంగి ఆ తువ్వాలు కొస పట్టుకుని అందరికీ చూపించాడు. కొస తడిసి ఎండి గట్టిపడి, దారాలు లేచి పీచుపీచుగా ఉంది. తర్వాత సమ్మయ్య భుజం మీది పాత తువ్వాలు కొస దాని పక్కన పెట్టాడు. రెండూ ఒక్కతీరుగా ఉన్నాయి.

"మేక మొన్న పొద్దునకే లేదు. తువ్వాలు కొన్నది నిన్న. పోయిన మేక దీన్ని ఎట్లా నమిలింది తిరుపతి గారూ? తోటలోనే కదా కట్టేశారు?"

లాలు ఫక్కున నవ్వి, ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు. తిరుపతి తువ్వాలు లాక్కోలేదు. నేల మీద కూలబడ్డాడు.

"కొమ్ములు నేనే పట్టాల్నట బావా. అక్క నోట్ల ముద్ద తీసి పెట్టి సాకిన జీవం. పట్టనంటే మొక్కు తప్పిండంటరు. పట్టబోతే... నన్ను చూస్తే తువ్వాలు కోసం ఉరికొస్తది బావా."

సమ్మయ్యకు కోపం రాలేదు. రావాలేమోనని ఎదురుచూశాడు. రాలేదు. బతికే ఉన్నాడన్న మాట మాత్రం లోపల ఎక్కడో మెల్లగా ఆనింది.

వీరబాబు తిరుపతి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "పొద్దున్నే తోల్కరండి. గుడి ముందర నిలబెట్టండి. చుక్కయ్యకు ఏమీ కాదు. నా మాట నమ్మండి."

"ఎట్లా సార్?" అంది సోని. వీరబాబు లేచి చేతులు దులుపుకున్నాడు.

ఆదివారం ముత్యాలమ్మ గుడి దగ్గర డప్పులు మోగుతున్నాయి. తిరుపతి కొమ్ములు పట్టాడు. చుక్కయ్య అతని తువ్వాలు అందుకున్నాడు. గుడి చూసుకునే ముసలి జంపక్క పసుపు నీళ్లు తెచ్చింది. నీళ్లు చల్లినప్పుడు యాట ఒళ్లు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే కత్తి ముట్టరు.

జంపక్క మొదటిసారి చల్లింది. చుక్కయ్య కళ్లు మూసుకున్నాడు. రెండోసారి చెవుల్లో కూడా పోసింది. మూడోసారి చెంబెడు వీపు మీద కుమ్మరించింది. నీళ్లు కడుపు కిందికి కారుతున్నాయి. చుక్కయ్య హాయిగా నిట్టూర్చి, నములుతూ నిలబడ్డాడు.

డప్పు ఆగింది.

"అమ్మకొద్దట," అంది జంపక్క. "ఇంటికి తోల్కపోండ్రి. అడిగిననాడు చూద్దాం."

తిరుపతి మేక మెడ పట్టుకుని బోరున ఏడ్చాడు. లాలు కూడా కళ్లు తుడుచుకుని, పొగ వచ్చిందన్నాడు. భవాని ఫోటో తీయడం మరిచిపోయింది.

ఇంటికి వచ్చాక వీరబాబు సమ్మయ్యను ఒక్కడినే పిలిచి, ఫోన్‌లో రెండు ఫోటోలు చూపించాడు. సోని గుమ్మం దగ్గరే ఆగింది.

"ఇది మొక్కుకు ముందుది. చినుకు పడితే విదిలిస్తున్నాడు. ఇది మీరు ఆసుపత్రి నుంచి వచ్చిన తర్వాతది. మేకకు రోజూ స్నానమేమిటని ఎవరూ అడగలేదు. మొక్కిన మాట వెనక్కి తీసుకోలేక, ఆమె రోజుకో చెంబు చొప్పున దాన్ని నీళ్లకు అలవాటు చేసింది. నాకైతే అట్లనే అనిపిస్తోంది."

సమ్మయ్య ఆ గాజుల చేతిని చాలాసేపు చూశాడు.

"నాకెందుకు చెప్పలే?"

"చెబితే మొక్కు తప్పిన పాపంలో మీకూ భాగం వచ్చేది. మీ ప్రాణం కోసం మొక్కిన మొక్కు కదా."

కారు వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున సమ్మయ్య ఎప్పటిలాగే కుళాయి దగ్గర చెంబు నింపాడు. చుక్కయ్య వచ్చి ముందు నిలబడి కళ్లు మూసుకున్నాడు. పొయ్యబోయి సమ్మయ్య ఆగాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి. ఇన్ని నెలలుగా పోస్తున్నా, అవి ఇంత చల్లగా ఉంటాయని ఆయన చేతికి తెలియనే లేదు.

చెంబు పొయ్యి మీద పెట్టి, గోరువెచ్చన అయ్యేదాకా పక్కనే కూర్చున్నాడు.