చావుకి ఒక టిక్కు

కంట్లో చుక్కలు వేయించుకుని బెంచీ మీద కూర్చున్న ఆ మనిషికి, తనను చంపడానికి వచ్చినవాడి ముఖం మసకగా కూడా కనబడలేదు.

సైలెన్సర్ బిగించిన పిస్తోలు దగ్గినంత చప్పుడు కూడా చేయలేదు. పక్కనున్న ముసలమ్మ అతను కునుకు తీస్తున్నాడనుకుంది. "మీ వంతొచ్చింది బాబూ, లేవండి" అని రెండుసార్లు భుజం తట్టింది. మూడోసారి తట్టేసరికి అతను ఆమె ఒళ్ళో వాలిపోయాడు.

ఏడాదిగా మారుపేరుతో బతుకుతున్న మనిషి. ఇల్లు తెలిసినవాళ్ళు లేరు. ఆ ఉదయం అతను చేసిన పొరపాటల్లా ఒక్కటే. కంటాసుపత్రి కౌంటర్లో అడిగారని మెషీన్ మీద వేలు పెట్టాడు.

"పోయినవారం పోయినవాడూ అంతే" అన్నాడు పెద్దాయన, గూఢచారి విభాగపు చీఫ్. "పంటి నొప్పని వెళ్ళాడు, వేలు పెట్టాడు, తిరిగి రాలేదు."

ఎదురుగా కూర్చున్న ఏజెంట్ అసలు పేరు విభాగంలో ఎవరికీ గుర్తులేదు. అందరూ 'తక్కెడ' అంటారు. ఏ మాట విన్నా ఇటు ఎంత, అటు ఎంత అని తూచిగానీ నోరు విప్పడు. బయటి లోకానికి అతను ఆసుపత్రులకు గ్లవ్స్ సప్లయి చేసే వ్యాపారి. ఆ వేషం అతనికి ఎంత అతికిందంటే, పోయిన ఏడాది గ్లవ్స్‌లో నిజంగానే లాభం వచ్చింది.

"వారధి" అన్నాడు తక్కెడ.

"అదే. ఆసుపత్రి, పింఛను ఆఫీసు, శరణాలయం, బడి... ఇదివరకు ఎవరి కంప్యూటర్ వాళ్ళది. ఒకరి తలుపు ఒకరికి తెరుచుకునేది కాదు. ఇప్పుడన్నీ వారధి సిస్టమ్‌తో కలిపారు. వేలు పెడితే చాలు, మనిషి పుట్టుపూర్వోత్తరాలన్నీ డాక్టరు ముందుంటాయి. మంచి పనే. కానీ కొంగలు దాని మీద చెవి వేశాయి."

కొంగలు అంటే విదేశీ ముఠా. నీళ్ళలో కదలకుండా నిలబడి, చేప పైకి తేలగానే పొడుస్తుంది కాబట్టి విభాగం పెట్టిన పేరు. ముఠా నాయకుడు దొరికాడు. రేపు విచారణ. ముఠా వదిలి వచ్చి సాక్ష్యం చెబుతామన్నవాళ్ళు ముగ్గురు. ఇద్దరు పోయారు.

"మూడో మనిషి వాళ్ళ వైర్‌లెస్ ఆపరేటర్. ఇప్పుడు ఒక శరణాలయంలో బట్టలు కుడుతోంది. అక్కడంతా టైలరమ్మ అంటారు. రేపు ఆమె నోరు విప్పకపోతే నాయకుడు చేతులు దులుపుకుని విమానం ఎక్కేస్తాడు. అందాకా ఆమె వేలు ఏ మెషీన్ మీదా పడకూడదు. ఇది ఆర్డర్."

"ఆమెకి నెలలు నిండాయి సార్."

"అయితే?"

"మీ ఆర్డర్ బిడ్డకి ఎవరు చదివి వినిపిస్తారు?"

పెద్దాయన గుర్రుగా చూశాడు. అప్పుడే ఫోన్ మోగింది. బిడ్డ ఆర్డర్ వినలేదు.

*

ప్రసూతి వార్డులో గ్లవ్స్ పెట్టెలు భుజాన వేసుకుని తిరిగేవాణ్ణి ఎవరూ ఆపరు. తక్కెడ తిన్నగా ఆపరేషన్ థియేటర్ ముందుకు వెళ్ళాడు. స్ట్రెచర్ మీద టైలరమ్మ, పక్కన చెమటలు తుడుచుకుంటున్న డాక్టరమ్మ.

"ఏ సైజు గ్లవ్స్ కావాలమ్మా?" అన్నాడు స్ట్రెచర్ మీదికి వంగి.

"ఎడమచేతివి చాలు" అంది టైలరమ్మ పళ్ళు బిగించి. కోడ్ సరిపోయింది. "ఇప్పుడా అన్నా నీ బేరం! నొప్పులతో చస్తుంటే!"

డాక్టరమ్మకి రెండు ముక్కల్లో సంగతి చెప్పాడు. ఆవిడ బెదరలేదు, విసుక్కుంది.

"నీ గూఢచారులు నాకెందుకయ్యా! బిడ్డ అడ్డం తిరిగింది, కోయాలి. ఈవిడకి ఇదివరకు ఒకసారి ఆపరేషన్ చేస్తే మత్తుమందు పడక గుండె ఆగిందట. ఏ మందో ఈవిడకి తెలీదు. పాత ఫైల్లో ఉంటుంది. ఫైలు వారధిలో ఉంది. వేలు పెట్టించు."

"వేరే మందు ఏదో..."

"ఏదో! గ్లవ్స్ అనుకున్నావా, ఒకటి బిగుతైతే ఇంకోటి తొడగడానికి?"

తక్కెడ మూలకి వెళ్ళి పెద్దాయనకి ఫోన్ చేశాడు.

"కుదరదు" అన్నాడు ఆయన. "ఫైలు తెరిస్తే నిమిషాల్లో కొంగలు వాలతాయి. వాళ్ళనే ఏదో ఒకటి చూసుకోమను."

"అందులో ఆమె పోతే?"

"మనం చంపినట్టు కాదు."

తక్కెడ ఫోన్ చేతిలోనే పట్టుకుని లెక్క వేసుకున్నాడు. తెరవకపోతే ముప్పు మందు సీసాలో ఉంటుంది, ఏ సీసాలోనో తెలీదు. తెరిస్తే ముప్పు మెట్లెక్కి వస్తుంది. నడిచొచ్చేదాన్ని ఆపొచ్చు. సీసాతో మాట్లాడలేం.

"సార్, ఈ సరుకు మనది కాదు. మనం కాపలాదారులం. యజమానిని అడుగుతాను."

"తక్కెడా! ఆమె వేలు మెషీన్ మీద పడిందా, నీ ఉద్యోగం..."

ఫోన్ కట్ చేశాడు. వెనక్కి తిరిగితే అడగాల్సిన అవసరమే రాలేదు. టైలరమ్మ మోచేతి మీద లేచి, నర్సు చేతిలోని మెషీన్ తన దగ్గరికి లాక్కుంది.

"ఏడాది నుంచీ అందరూ నన్ను దాస్తూనే ఉన్నారు. కిటికీ దగ్గర నిలబడకు, గట్టిగా నవ్వకు, పేరు చెప్పకు. సరే అన్నాను. ఇక చాలు. వేలు నాది, ఫైలు నాది, లోపలున్న బిడ్డ నాది. మధ్యలో మీ పెద్దాయన ఎవరు?"

టపీమని బొటనవేలు పెట్టింది.

తెర వెలిగింది. డాక్టరమ్మ గబగబా చదివింది. మందు పేరు చూసి ట్రేలోంచి ఒక సీసా తీసి చెత్తబుట్టలో విసిరికొట్టింది. "ఇదే ఎక్కించబోయాను" అంది. స్ట్రెచర్ లోపలికి వెళ్ళింది. తలుపు లోపలినుంచి గడియ పడింది.

*

కారిడార్ చివర హైహీల్స్ చప్పుడు. ముందు సెంటు వాసన, తర్వాత మనిషి.

నల్లకోటు, ఎర్రటి పెదవులు, మెడలో 'వారధి టెక్నికల్ కన్సల్టెంట్' అన్న కార్డు. విభాగం ఆమెను 'నెమలి' అంటుంది. కొంగల మధ్య మనవాళ్ళు పెట్టిన డబుల్ ఏజెంట్. ఆమె నడిచొస్తుంటే వార్డ్‌బాయ్‌లు ట్రాలీలు గోడకి కొట్టారు.

"కొంగలకి గంట మోగింది" అంది ఊపిరి ఎగబీలుస్తూ. "అంబులెన్సులో ఇద్దరు వస్తున్నారు. ఆమెను కింది అంతస్తుకి మార్చెయ్. గేటు నేను చూసుకుంటా."

"పొట్ట కోసి ఉంది మేడమ్. కుట్లు పడకుండా కదలదు."

"అయితే దేవుడే దిక్కు." కన్ను గీటి వెళ్ళిపోయింది.

తక్కెడ ఆ వెళ్ళే హీల్స్ వంకే చూశాడు. నెమలి ఇటు కూస్తోందా, అటు కూస్తోందా? రెండు వైపులా జీతం తీసుకునేవాళ్ళు చివరికి ఒక్క షాపులోనే సరుకు దింపుతారు. అది ఏ షాపో తేలాలి. ఇద్దరు హంతకులను ఆపాలి. చేతిలో ఉన్నది ఒక పిస్తోలు, రెండు గ్లవ్స్ పెట్టెలు. ఆర్డర్ కాదన్నాక పెద్దాయన మనుషుల్ని పంపడు.

అప్పుడు అతనికి వార్డు క్లర్కు కంప్యూటర్ కనబడింది. కుర్చీ ఖాళీగా ఉంది.

వారధిని కట్టినవాళ్ళకి ఒకే బెంగ ఉండేది. చచ్చినవాళ్ళ పేర్న ఎవరో పింఛను తినేస్తారని. అందుకే పుట్టుక నమోదుకి నానా కాగితాలు పెట్టారు, చావుకి మాత్రం ఒక డాక్టరు కోడూ ఒక టిక్కూ చాలన్నారు. టిక్కు పడిన క్షణంలో అన్ని ఆఫీసులకీ కబురు వెళ్ళిపోతుంది. బతికున్నవాళ్ళను కూడా ఎవరైనా చంపేస్తారేమోనన్న ఆలోచన వాళ్ళకి రాలేదు.

థియేటర్ తలుపు అద్దం మీద కొట్టాడు. "డాక్టరమ్మా! మీ కోడ్ చెప్పండి!"

"ఎందుకు?"

"పేషెంటును చంపాలి! కంప్యూటర్లో!"

"నేనిక్కడ బతికించడానికి నానా తంటాలు పడుతుంటే..." అంటూనే నాలుగు అంకెలు అరిచింది. "మళ్ళీ బతికించే పూచీ నీదే!"

టిక్కు పెట్టాడు. టైలరమ్మ చనిపోయింది. వారధి వెనువెంటనే ఆమెకు మార్చురీలో ఒక బల్ల కేటాయించింది. పదకొండో నంబరు.

కొంగలు కబురు విని ఊరుకోవు, కళ్ళతో చూడాలి. తక్కెడ మెట్ల మీదుగా కిందికి పరిగెత్తాడు.

*

మార్చురీలో చలి ఎముకల్లో దిగింది. పదకొండో బల్ల ఎక్కి, దుప్పటి తల మీదికి లాక్కుని పడుకున్నాడు. కొంతసేపటికి తలుపు కిర్రుమంది. టక్, టక్, టక్. హీల్స్ ఎక్కడా తడబడలేదు. తొమ్మిది, పది దాటి, తిన్నగా పదకొండు దగ్గర ఆగాయి. సెంటు వాసన.

"చూసి చెబుతాను. అందాకా మీరు పైనే ఉండండి" అంది ఆ గొంతు ఫోన్లో.

దుప్పటి తొలగింది. తక్కెడ ఆమె మణికట్టు ఒడిసి పట్టుకున్నాడు. చేతిలోంచి సిరంజి జారి కింద పడింది.

"శవానికి ఇంజెక్షన్ దేనికి మేడమ్?"

నెమలి అరవలేదు. చిన్నగా నవ్వింది. "వాసన పట్టి వచ్చానులే."

"గేటు చూసుకుంటానన్నావు. ఈ బల్ల నంబరు నేను నా నీడకి కూడా చెప్పలేదు. తెలిసింది వారధికి, దాని మీద చెవి వేసినవాళ్ళకి. ఆ చెవి వేసింది నువ్వే."

"తెలిసి ఏం లాభం? వాళ్ళిద్దరూ థియేటర్ తలుపు దగ్గరున్నారు. నేను ఫోన్ చేయకపోతే లోపలికి పోతారు. చేయను."

క్లర్కు బల్ల మీద నుంచి పట్టుకొచ్చిన చిన్న వేలిముద్ర మెషీన్‌ను తక్కెడ జేబులోంచి తీశాడు. "బేరం విను. ఇప్పుడు నీ వేలు దీని మీద పెడతాను. పక్కన 'అరెస్టు' అని రాస్తాను. నీ ముఠా చెవే నీ సంగతి నీ ముఠాకి చెబుతుంది. దొరికిపోయిన వాళ్ళను కొంగలు ఏం చేస్తాయో నాకంటే నీకే బాగా తెలుసు. జైల్లో కూడా పన్ను నొప్పి వస్తుంది మేడమ్, కన్ను మసకేస్తుంది. ఏదో ఒక రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళక తప్పదు."

ఎర్రటి పెదవులు మొదటిసారి పాలిపోయాయి.

"ఫోన్ చేస్తే?"

"నీ పేరు ఏ మెషీన్‌లోనూ ఎక్కదు. నా మాట."

"నీ మాట నమ్మొచ్చా?"

"గ్లవ్స్ వ్యాపారంలో నాకు ఇంతవరకు ఒక్క పెట్టె వాపసు రాలేదు."

ఆమె ఫోన్ చెవికి ఆనించింది. "సరుకు చల్లబడింది" అంది. అంతే.

ఆ మాటకి వెళ్ళిపొమ్మని అర్థమో, పొడిచెయ్యమని అర్థమో తక్కెడకి తెలీదు. బేరం కుదిరిందో లేదో సరుకు విప్పితేగానీ తెలియని పరిస్థితి. ఆమె చేతిని బేడీతో బల్లకి తగిలించి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

థియేటర్ ముందు ఇద్దరు అంబులెన్స్ మనుషులు. ఒకడి బూటు తలుపు మీదే ఉంది, గడియ సగం ఊడింది. రెండోవాడు ఫోన్ జేబులో పెట్టుకుంటూ "పద" అన్నాడు. బూటు కిందికి దిగింది. ఖాళీ స్ట్రెచర్ తోసుకుంటూ ఇద్దరూ లిఫ్టు వైపు నడిచారు.

లిఫ్టు తెరుచుకుంది. లోపల పెద్దాయన, వెనక ఆరుగురు మనుషులు. టైలరమ్మ చనిపోయిందని వారధి ఆయనకి కూడా కబురు పంపింది మరి. తక్కెడ పీక పిసకడానికని ఆయన ఒంటికాలి మీద వచ్చాడు. ఆయన్ను చూసి అంబులెన్స్ వాళ్ళలో ఒకడి చెయ్యి స్ట్రెచర్ మీది దుప్పటి కిందికి పోయింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఊరికే పోదు. ఆ చెయ్యి బయటికి వచ్చేలోపే ఇద్దరూ నేల మీద బోర్లా ఉన్నారు.

"చంపేశావు కదరా ఆమెను!" అని పెద్దాయన తక్కెడ మీదికి వచ్చాడు. "ఫైలు తెరవొద్దంటే..."

లోపల ఒక పసిగొంతు గుక్కపట్టింది. పెద్దాయన ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది.

*

మర్నాడు కోర్టు వార్డులోకే వచ్చింది, వీడియో తెర మీద. ముఠా లాయరు కాగితం ఊపాడు. "యువరానర్, రికార్డు ప్రకారం ఈ సాక్షి నిన్ననే చనిపోయింది!"

"అవును" అంది టైలరమ్మ, ఒళ్ళో పాపను జోకొడుతూ. "చచ్చి వచ్చాను. నా అసలు పేరుతో రాసుకోండి." తర్వాత మధ్యాహ్నం దాకా ఆగకుండా చెప్పింది. నాయకుడు విమానం ఎక్కలేదు.

సాయంత్రం డాక్టరమ్మ తక్కెడను క్లర్కు కంప్యూటర్ దగ్గరికి లాక్కొచ్చింది. "పూచీ నీదన్నాను కదా. చూడు."

తెర మీద ఎర్రటి అక్షరాలు. 'అభ్యంతరం: తల్లి మరణం తర్వాత బిడ్డ జననం నమోదైంది. కారణం తెలుపండి.'

తక్కెడ కాసేపు ఇటూ అటూ తూచాడు. ఒంటి వేలితో టైపు చేశాడు.

'చావడానికి తల్లి ఒప్పుకోలేదు.'