కన్ను చూసే గేటు

పరుగు...

రెండు పక్కలా మిర్చి టిక్కీలు. కప్పు దాకా పేర్చిన గోనె బస్తాల గోడలు. మధ్యలో మనిషి పట్టేంత సందు.

చీకటి. ఎముకలు కొరికే చలి. గొంతులో ఘాటు.

సందు చివర చేతులు చాచి తడుముతుంది క్రిస్టీనా.

గోడ!

వెనక టార్చి వెలుగు.

"దీనికి ఒకటే తలుపమ్మా. రా," అంటాడు లారీ డ్రైవర్ ఏసుబాబు. అరవడు, కొట్టడు. మోచెయ్యి పట్టుకుని వెనక్కి నడిపిస్తాడు.

తలుపు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో జయదేవ్. ఒడిలో పిస్టల్. పక్కన టిక్కీ మీద ఫోన్... స్పీకర్ ఆన్‌లో ఉంది. సిగ్నల్ కోసం కోల్డ్ స్టోరేజీ తలుపు ఓరగా తెరిచి పెట్టారు. ఆ చీలికలోంచి గుంటూరు సాయంత్రపు ఎండ సన్నని గీతలా లోపలికి పడుతోంది.

అంత దగ్గర. అంత దూరం.

"కూర్చో ఆరాధనా," అంటాడు జయదేవ్.

ఆమె కూర్చుంటుంది.

ఆమె ఆరాధన కాదు. ఆ సంగతి అతనికి తెలియదు.

మధ్యాహ్నం ఒంగోలు దాటాక హైవే మీద అక్కచెల్లెళ్ల కారుకి లారీ అడ్డం పెట్టారు. కవల పిల్లలు. ఒకటే ముఖం. చెల్లెలు ఆరాధన ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ స్క్రీనర్. అక్క క్రిస్టీనా సింగరాయకొండ హైస్కూల్లో లెక్కల టీచర్.

జయదేవ్ తన ప్లాన్ ముందే చెప్పేశాడు. ఎయిర్‌పోర్టు పిల్ల తన దగ్గర ఉంటుంది. ఆమె కార్డు మెళ్లో వేసుకుని, ఆమె క్యారేజీ పట్టుకుని టీచరమ్మ లోపలికి వెళ్తుంది. అసలు మనిషిని పంపితే లోపల అందరూ తెలిసినవాళ్లే, ఒక్క కనుసైగతో పట్టిస్తుంది. టీచరమ్మకి అక్కడ ఎవరూ తెలియదు. వణుకుతూ చెప్పిన పని చేసుకొస్తుంది.

అప్పుడు అడిగాడు, ఆరాధన ఎవరని.

"నేనే," అంది క్రిస్టీనా.

చెల్లెలు నోరు తెరిచేలోపే!

ఇప్పుడు అసలు ఆరాధనే తన కార్డుతో, కాల్ ఆన్‌లో ఉంచిన ఫోన్‌తో తన గేటుకి వెళ్తోంది. లోపలికి అడుగు పెడితే చాలు, కాపలావాళ్లకి చెప్పేస్తుంది. అంతవరకూ ఇక్కడ ఈ అబద్ధం నిలబడాలి.

జయదేవ్‌కి పాత రోజులంటే మోజు. ఒకప్పుడు ఎయిర్‌లైన్స్‌లో గ్రౌండ్ స్టాఫ్‌గా పనిచేశాడట. స్టాఫ్ గేటు దగ్గర కార్డు మీద ఫొటో చూసి నవ్వి పంపేవాళ్లట. క్యారేజీ మూత ఎవరూ తీసేవాళ్లు కాదట. గాల్లో ఉండగా పైలట్ల గది తలుపు తీసి పిల్లల్ని లోపలికి పిలిచి చూపించేవాళ్లట. హైజాక్‌లు జరిగాకే అన్నీ బిగిశాయని విసుక్కుంటాడు.

హఠాత్తుగా ఆగుతాడు.

"అవునూ... బ్యాగులు ఇప్పటికీ విమానం పక్కన వరసగా పెట్టి, ఎవరిది వాళ్లని చూపించమంటున్నారా?"

మామూలుగా అడిగాడు. కళ్లు మాత్రం మామూలుగా లేవు.

క్రిస్టీనా గుర్తుచేసుకుంటుంది. జీవితంలో విమానం ఎక్కింది ఒక్కసారి... స్కూల్ పిల్లలతో ఢిల్లీ. కౌంటర్ దగ్గర బ్యాగు బెల్టు మీద వెళ్లిపోయింది. మళ్లీ దిగాకే కనపడింది.

"ఎప్పుడో తీసేశారుగా అది," అంటుంది.

జయదేవ్ తలూపుతాడు. "మరి స్టాఫ్‌ని చెక్ చేస్తారా?"

చేస్తారు. తనకు తెలుసు. సొంత మనుషుల్ని కూడా రోజూ బూట్లతో సహా తడుముతారని చెల్లెలు అన్నం తింటూ గొణిగేది. కానీ అవునంటే ఇతను చెల్లెల్ని వెనక్కి పిలుస్తాడు.

"మమ్మల్నెందుకు చేస్తారు?"

అతను నవ్వుతాడు. నమ్మాడు...

రెండో ఫోన్ మోగుతుంది. జయదేవ్ గొంతు తగ్గించి, హయాత్ ఎయిర్‌పోర్టుకి వచ్చాడా, అదే ఫ్లైటేనా అని అడుగుతాడు. మళ్లీ అడుగుతాడు.

హయాత్!

పేపర్లో చదివిన పేరు. వినుకొండ పత్తి రైతుల్ని ముంచిన నకిలీ విత్తనాల కేసులో ప్రధాన సాక్షి. రేపు కోర్టులో చెప్పాల్సింది ఆయనే.

క్యారేజీలో బంగారం ఉంది, విమానంలోకి చేరాలన్నాడు జయదేవ్. ఏసుబాబుకీ అదే చెప్పాడు.

బంగారం కాదు.

క్రిస్టీనా ఏసుబాబు వైపు చూస్తుంది. అతనికి ఇది తెలియదు.

టిక్కీ మీది ఫోన్లో అడుగుల చప్పుడు. ఆరాధన గేటు దగ్గరకొచ్చింది. కాపలా మనిషి గొంతు స్పష్టంగా వినపడుతోంది.

"మేడం, కార్డు పెట్టి కన్ను ఇక్కడ పెట్టండి."

జయదేవ్ దిగ్గున లేస్తాడు. "కన్నేంటి? ఇదెప్పుడు పెట్టారు?"

క్రిస్టీనా ఫోన్ వైపే చూస్తుంది.

"నీకు తెలుసు. ముఖం ఒకటే అయినా కన్ను ఒకటి కాదు. ఆ టీచరమ్మ దొరికిపోతుంది. తెలిసీ చెప్పలేదు నువ్వు."

పిస్టల్ ఆమె నుదుటికి ఆనుతుంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మెషిన్ కాదంటే చెల్లెలు దొరికిపోయిందని చంపుతాడు. అవునంటే...

ఫోన్లో చిన్న బీప్.

"ఓకే ఆరాధన మేడం. వెళ్లండి."

లైన్ కట్!

కోల్డ్ స్టోరేజీ మోటారు హోరు తప్ప ఏమీ లేదు.

జయదేవ్ మెల్లగా ఆమె వైపు తిరుగుతాడు.

"నువ్వెవరు?"

"క్రిస్టీనా."

అతని ముఖంలో రక్తం ఇంకిపోతుంది. ఆమె అతన్ని చూడటం లేదు. తలుపు దగ్గర నిలబడ్డ ఏసుబాబుని చూస్తోంది.

"ఏసుబాబూ, అందులో బంగారం లేదు. బంగారానికైతే ఏ ఫ్లైట్లో ఎవరెక్కారో ఈయనకెందుకు? అది బాంబు. విమానంలో ఎంతమంది ఉంటారో నువ్వే ఆలోచించు."

ఏసుబాబు జయదేవ్ వైపు చూస్తాడు. కాదంటాడేమోనని చూస్తాడు.

"నోర్ముయ్యవే," అంటాడు జయదేవ్. అంతే అంటాడు.

ఏసుబాబు ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ఇంకో అడుగు... గడప బయటికి.

దబ్!

తలుపు మూసుకుంటుంది. బయట గడియ పడుతుంది. ఎండ గీత మాయం.

లారీ స్టార్టయిన శబ్దం... దూరమైపోతుంది.

జయదేవ్ తలుపు మీదికి ఉరుకుతాడు. తోస్తాడు. తంతాడు. కాలుస్తాడు! మందపాటి తలుపు గుండుని మింగేసి ఊరుకుంటుంది.

క్రిస్టీనా అప్పటికే సందులో ఉంది. చీకట్లో, టిక్కీల మధ్య, ఊపిరి బిగబట్టి.

"నన్ను ఇరికిస్తావా..."

పిస్టల్ పేలుతుంది. తల పక్కనే ఒక టిక్కీ చిరుగుతుంది. ఎండు మిరపకాయలు జలజలా రాలతాయి. ఘాటు పొగలా లేస్తుంది.

జయదేవ్ దగ్గుతాడు. దగ్గుతూనే వెతుకుతున్నాడు.

ఆమెకీ దగ్గొస్తోంది. దగ్గితే చస్తుంది! చీర కొంగు నోట్లో కుక్కుకుంటుంది. కళ్లలోంచి నీళ్లు ధారగా. ఛాతీ ఎగిసి పడుతోంది. ప్రభువా, ఇంకొంచెం సేపు...

ఎంతసేపో తెలియదు. వేళ్లు మొద్దుబారాయి. కాళ్లు లేనట్టే ఉన్నాయి.

ఆగలేదు. ఒక్క దగ్గు.

జుట్టు మీద చెయ్యి! లాగి నిలబెడతాడు. పిస్టల్ గొంతు కింద గుచ్చుకుంటుంది.

అదే క్షణంలో తలుపు భళ్లున తెరుచుకుంటుంది. కళ్లు బైర్లు కమ్మే వెలుగు. ఆయుధం పడెయ్యమని ఎవరో అరుస్తారు.

జయదేవ్ పిస్టల్ వెలుగు వైపు తిప్పుతాడు.

ఢాం!

జుట్టు మీద పట్టు వదులవుతుంది. జయదేవ్ టిక్కీల మీదుగా జారి కింద పడతాడు. మళ్లీ లేవడు.

లేడీ కానిస్టేబుల్ ఒకామె క్రిస్టీనాని బయటికి మోసుకొస్తుంది. వేడి గాలి మొహానికి తగులుతుంది. విమానం కదల్లేదనీ, హయాత్ క్షేమమనీ, బాంబు స్క్వాడ్ క్యారేజీని ఖాళీ పొలంలోకి తీసుకెళ్లిందనీ ఆమె చెబుతూనే ఉంది. కోల్డ్ స్టోరేజీ బోర్డు మీది పేరు గుర్తుపెట్టుకుని చెప్పింది ఆరాధనేనట.

చెవి దగ్గర ఫోన్ పెడుతుంది.

"అక్కా... అక్కా, ఉన్నావా?"

క్రిస్టీనా నోరు తెరుస్తుంది. మాట రాదు. దగ్గు... తెరలు తెరలుగా దగ్గు.

అవతల చెల్లెలు బావురుమంటుంది.

"మాట్లాడొద్దులే. దగ్గుతూ ఉండు. అట్లాగే దగ్గుతూ ఉండు అక్కా, వింటున్నా."