వైరు లాగినా ఆగని బొమ్మ

టీవీల షాపులో ఖాదర్ ఒక టీవీ వెనక్కి చెయ్యి పెట్టి ఇంటర్నెట్ వైరు లాగేశాడు. తెరమీద క్రికెట్ ఆట మాత్రం ఆగలేదు. బౌలర్ పరుగెత్తుకొచ్చి బంతి వేశాడు. బ్యాట్స్‌మన్ దాన్ని మెల్లగా పక్కకి నెట్టి ఒక పరుగు తీశాడు.

"మరి ఇదెక్కణ్ణించి వస్తోంది?" అన్నాడు కామేశం.

"దీంట్లోంచే సార్." ఖాదర్ టీవీకి గుచ్చిన అగ్గిపెట్టెంత పరికరాన్ని చూపించాడు. "పేరు ధార. సిగ్నల్ పోతే, అంతదాకా వచ్చిన బొమ్మనీ మాటనీ బట్టి తర్వాతది ఇదే తయారు చేస్తుంది. సిగ్నల్ రాగానే అసలు దాంట్లో కలిసిపోతుంది. ఎక్కడ కలిసిందో కంటికి ఆనదు."

పక్కనే పాతరకం పరికరం కూడా ఉంది. దాంట్లో సిగ్నల్ పోతే తెరమీద చక్రం తిరుగుతూ ఉండిపోతుంది.

కామేశానికి రాజమండ్రిలో ఫొటో స్టూడియో ఉంది. ఇంట్లో పెద్ద టీవీ, కెమెరా, మంచి స్పీకర్లు అమర్చుకున్నది కూతురు హిమజ కోసం. ఆమె కాకినాడకి దూరంగా, సముద్రంలో తేలే గాలిమరల కేంద్రంలో ఇంజనీరు. ఆ ఉద్యోగం వద్దని తల్లి వారిజ గట్టిగా పోట్లాడింది. హిమజ వినలేదు. అప్పట్నించీ రోజూ సాయంత్రం ఆ తెరమీద ముగ్గురూ మాట్లాడుకుంటున్నా, తల్లీకూతుళ్ల మధ్య మాటలు ముక్తసరిగానే ఉండేవి.

సముద్రం మీద గాలి రేగితే చక్రం తిరిగేది. వారిజ ముఖం పాలిపోయేది. కామేశం వెంటనే ఒడ్డునున్న కంట్రోల్ రూముకి ఫోన్ చేసేవాడు. వాళ్లు విసుక్కుంటూనే వైర్‌లెస్‌లో కనుక్కుని, "మీ అమ్మాయి బాగానే ఉందండీ" అని చెప్పేవాళ్లు.

"ఆ చక్రం మా ఆవిడ కంటపడకుండా ఉంటే చాలు" అని కామేశం ధారనే కొన్నాడు.

కార్తీకంలో తుఫాను లేచింది. ఒడిశా వైపు పోతుందనుకున్నది సాయంత్రానికి దారి మళ్లింది. ఆ రోజు తెరమీద హిమజ లైఫ్ జాకెట్ తొడుక్కుని కనిపించింది.

"గాలి బాగా పెరిగింది నాన్నా. ఇప్పుడు నేను..." అని, జుట్టు సర్దుకుని నవ్వింది. "కిందికెళ్లి అన్నం తింటాను. మీరు బెంగపెట్టుకోకండి."

వారిజ తెరకి దగ్గరగా జరిగింది. "నామీద ఇంకా కోపమేనా తల్లీ?"

"నీమీద నాకెందుకమ్మా కోపం? నాకోసమేగా వద్దన్నావు."

వారిజ చీరకొంగుతో కళ్లు తుడుచుకుంది. బొమ్మ ఎక్కడా ఆగలేదు. కామేశం ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.

తుఫానులో సిగ్నల్ పోవడం మామూలేనని ఒడ్డున కూడా ఎవరూ కంగారు పడలేదు. కేంద్రం ఒరిగిపోయిందని మర్నాడు పొద్దున తెలిసింది. గాలింపు పడవ హిమజ శరీరాన్ని తీసుకొచ్చింది. తెల్లవారేదాకా నీళ్లలో ప్రాణాలతోనే ఉండి ఉంటుందని డాక్టరు చెప్పాడు.

దినాలు అయ్యాక కామేశం, ధారలో నమోదైన ఆనాటి మాటల రికార్డింగ్ కాపీ పట్టుకుని హైదరాబాదు వెళ్లాడు. ధారని తయారుచేసిన శాస్త్రవేత్త డాక్టర్ శర్వాణి అతణ్ణి తన ల్యాబులో కూర్చోబెట్టింది.

"ఇందులో మా అమ్మాయి ఎంతవరకు, మీ మిషన్ ఎంతవరకు? అది చెప్పండి మేడమ్, చాలు."

ఆమె రికార్డింగ్‌ని కంప్యూటర్‌లో పెట్టి చాలాసేపు పరీక్షించింది. "'ఇప్పుడు నేను' అన్నంతవరకు మీ అమ్మాయి" అంది చివరికి. "తర్వాతదంతా ధార. అంతకుముందు సంభాషణలు విని నేర్చుకుంది. చూసేవాళ్లకి అనుమానం రాకూడదు, మనసు కుదురుగా ఉండాలి. దానికి మేం నేర్పింది అదే."

"'ఇప్పుడు నేను' తర్వాత తను ఏమనబోయిందో..."

"అది తెలుసుకునే మార్గం లేదండీ."

కామేశం తల దించుకున్నాడు. "ఫొటోలు దిద్దడం నా వృత్తి. నేనూ పోల్చుకోలేకపోయాను. చక్రం తిరిగుంటే ఫోన్ చేసేవాణ్ణి."

శర్వాణి రికార్డింగ్‌ని ఆపేసింది. "మొదట ఎర్రలైటు పెట్టాం. సొంతంగా బొమ్మ తయారు చేస్తున్నప్పుడు అది వెలిగేది. పరీక్షకి ఇళ్లల్లో ఇస్తే, కళ్లల్లో పొడుస్తోందని దానిమీద బొట్టుబిళ్లలు అంటించారు. ఎవరికీ అక్కర్లేదని తీసేశాం. తియ్యకుండా ఉండాల్సింది."

ఇంటికొచ్చేసరికి వారిజ టీవీ ముందే కూర్చుని ఉంది. తెరమీద హిమజ నవ్వుతూ ఆగి ఉంది.

"ఆవిడేమన్నారు?" అంది వారిజ, అతనివైపు తిరక్కుండా.

కామేశం చెప్పులు విడిచి, వచ్చి పక్కన కూర్చున్నాడు.

"కోపం లేదన్న మాట..." ఆమె తెరమీద హిమజనే చూస్తోంది. "అది మన అమ్మాయే అందా?"

"తనే అంది" అన్నాడు కామేశం. "అంతవరకూ సిగ్నల్ ఉందట."

వారిజ అతని చెయ్యి పట్టుకుని, రికార్డింగ్‌ని మళ్లీ మొదట్నించీ పెట్టింది.