చేతిని గుర్తుపట్టే టెర్మినల్

“నూకరాజూ! ఓ నూకరాజూ! ఎక్కడ చచ్చావయ్యా?”

పంప్‌హౌస్ గుమ్మంలోంచి సూపర్‌వైజర్ భీమశంకరం పెట్టిన కేకకి గోడ మీద వాలిన కొంగలు లేచిపోయాయి. నూకరాజు జుట్టు సర్దుకుంటూ లోపలికి పోయాడు. వెనకే వచ్చిన అతని భార్య లోవలక్ష్మి గుమ్మం బయటే ఆగింది. ఆడవాళ్ళని లోపలికి రానివ్వరు. మొగుడి వీపు చూస్తుంటే ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

సముద్రం కాకినాడ వీధులకంటే ఎత్తుకి పెరిగి అప్పటికి పదేళ్ళు. ఊరి చుట్టూ గోడ కట్టారు. లోపలికి ఊరే నీటిని పన్నెండు పంపులు తోడి పోస్తుంటాయి. అవి ఆగితే ముందు మునిగేది గోడవార పేట. లోవలక్ష్మి ఇల్లు అందులోనే.

ఆ పంపుల ప్రాణమంతా టెర్మినళ్ళలో ఉంది. కేబుల్ వచ్చి మోటారుని పట్టుకునే చోటే టెర్మినల్. తీగ చివర లగ్గు అనే లోహపు తొడుగు తొడిగి, నొక్కి, బిగిస్తారు. పట్టు వదులైతే వేడెక్కుతుంది, వేడెక్కితే కాలిపోతుంది. రాగి కోసం దొంగలు కేబుళ్ళు విప్పుకుపోతుంటే డాక్టర్ ఇందుమౌళి అనే శాస్త్రవేత్త కొత్త లోహంతో ఒక టెర్మినల్ చేశాడు. మొదట తనని బిగించిన చేతిని అది గుర్తుపెట్టుకుంటుంది. ఆ వేళ్ళ వెచ్చదనం, నొక్కే తీరు, నాడి కొట్టుకునే లయ, అన్నీ. మళ్ళీ ఆ చెయ్యి తాకితేనే వదులుతుంది.

ఈ సంగతి లోవలక్ష్మి ఒక సభలో విన్నది. నూకరాజుకి ఉత్తమ వైర్‌మన్ బహుమతి ఇచ్చిన సభ అది. ఒక్క చేతినే నమ్ముకున్న లోహం! వినగానే ఆమె గుండె ఝల్లుమంది. ఎందుకంటే ఆ టెర్మినళ్ళన్నీ బిగించింది ఆమే.

అక్కడి వైర్‌మన్ల పద్ధతే అంత. టెర్మినళ్ళ పట్టీలు, కేబుల్ ముక్కలు సంచిలో ఇంటికి తెస్తారు. ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని లగ్గులు నొక్కి బిగిస్తారు. మగవాళ్ళు తీసుకెళ్ళి ప్యానెల్‌లో అమర్చి సంతకం పెడతారు. కొత్తవాటినీ నూకరాజు అలాగే తెచ్చాడు. తీగల తొక్క పళ్ళతో ఊడదీసి అందిస్తూ ఆమెకి కూనిరాగాలు వినిపించాడు. ఆ రోజులు ఎంత బాగుండేవి!

“స్టేజీ మీద నా పేరు చెప్పలేదేం?” అని సభ అయ్యాక అడిగింది.

“ఆడదాని చేత చేయించానంటే పని ఊడుద్దే. అయినా మన ఇద్దరికీ వేరే పేర్లేంటి?” అని నవ్వేశాడు.

తర్వాత ఆమె ఉద్యోగానికి కాగితం పెట్టుకుంది. భీమశంకరం ఆమె వేళ్ళ వంక చూసి, “ప్యానెల్ పనికి సత్తువ కావాలమ్మా. పోయి పప్పు రుబ్బుకో,” అన్నాడు. ఆ రోజు రగిలిన మంట ఇప్పటికీ ఆరలేదు.

ఇవాళ తొమ్మిదో పంపు కేబుల్ మాడింది. కరెంటు తీసేశారు. టెర్మినల్ విప్పి కొత్త కేబుల్ వెయ్యాలి. సముద్రం పోటు మీద ఉంది. బయట నీళ్ళు చీలమండలు దాటాయి.

కబురందుకుని వచ్చిన ఇందుమౌళి పక్కనే నిలబడి చూస్తుంటే, నూకరాజు టెర్మినల్ మీద వేళ్ళు పెట్టాడు. దాని మీద ఎర్ర దీపం వెలిగింది, పట్టు వదల్లేదు. చెయ్యి తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎరుపే.

“ముక్కే పాడైపోయిందండి డాక్టరు గారూ,” అన్నాడు గొణుగుతూ.

ఇందుమౌళి మొహం కందిపోయింది. “పాడవలేదు. అది నిన్ను ఎరగనంటోంది.”

“కోసి పారెయ్యండి సార్!” అన్నాడు భీమశంకరం.

“ఒక్కటి కోసినా పన్నెండు పంపులూ ఆగిపోతాయి. దొంగలకి భయపడి అలా చేశాను. మారు తాళం కూడా పెట్టలేదు. మొదటి చెయ్యే తాళంచెవి.”

నూకరాజు గుమ్మం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “లక్ష్మీ, టార్చి పట్టుకున్నట్టు లోపలికి వచ్చి ఒక్కసారి తాకవే. ఎవరూ చూడరు.”

“తాకను.”

“మన ఇల్లే మునుగుద్ది!”

“తెలుసు. నీళ్ళు మంచం కోళ్ళ దాకా వచ్చే ఉంటాయి. దొంగలా వచ్చి తాకమంటావా? నా చెయ్యి నేను దొంగిలించుకోవాలా?” ఆమె గొంతు పెరిగింది. “నోరు తెరిచి చెప్పు. వాళ్ళందరూ వినాలి.”

“పరువు పోద్దే...”

“నాది పోయేటప్పుడు నువ్వు నవ్వావు.”

పేటలోంచి ఎవరో ముసలావిడ కేకలు వేస్తోంది. లోవలక్ష్మి పళ్ళు బిగబట్టింది. ఆ కేక విని కాళ్ళు లోపలికి లాగేస్తున్నా గుమ్మం కమ్మీ వదల్లేదు. ఇంకొక్క నిమిషం. ఆపైన ఆగడం ఎలాగూ తన వల్ల కాదు, ఆ సంగతి మాత్రం అతనికి తెలియనివ్వకూడదు.

“ఏంటయ్యా అక్కడ మంతనాలు?” అని భీమశంకరం అరిచాడు. “ఆవిణ్ణి పంపించెయ్!”

నూకరాజు ఆమె కళ్ళలోకి చూశాడు. అక్కడ అతను తప్పించుకునే సందే లేదు. వెనక్కి తిరిగి, తడి నేల మీద నిలబడి, రెండు చేతులూ కట్టుకున్నాడు.

“ఆవిణ్ణి పంపకండి సార్. ఆ టెర్మినళ్ళు నేను బిగించలేదండి. ఒక్కటి కూడా. అన్నీ మా ఆవిడ బిగించినవే.” ఈసారి ఇంకా గట్టిగా అన్నాడు: “నాకసలు లగ్గు నొక్కడమే సరిగ్గా రాదండి.”