ముప్పావు నాలుగో దెబ్బ

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండర్రా. గోడకి ఆనుకున్నవాళ్లూ ముందుకు రండి, ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు.

ఊరి చివర మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ ఒకటుండేది. పొద్దుగూకితే ఆ దారిన కుక్క కూడా పోయేది కాదు. లోపల మంచుదిమ్మలు దాచే గది... కిటికీ లేదు, జానెడు మందం ఇనుప తలుపు. అందులో ఎవరో లెక్కపెడతారని చెప్పుకునేవారు. "ఒకటి... రెండు... మూడు..." అంతే. నాలుగు వినపడదు.

ఆ గదిలో ఒకప్పుడు నలుగురు కలిసి పాటలు కట్టుకునేవాళ్లు. మెటల్ బ్యాండు, అంటే చెవులు హోరెత్తించే గిటార్ల మోత. అందులోనూ పోస్ట్ మెటల్ అంటారట. ఒక్కో పాట పావుగంట. మబ్బులా మెల్లగా కమ్ముకొచ్చి, ఉన్నట్టుండి పిడుగులా విరుచుకుపడాలి.

గిటారు వాయిస్తూ పాడేవాడు బొంగురు. డ్రమ్ములు వాయించేవాడు ముప్పావు. పాట ఎత్తుకునే ముందు వాడు నోటితో మూడే లెక్కపెట్టేవాడు మరి!

"నాలుగో అంకె మింగేశావేంరా?" అని ఏడిపించేవాడు బొంగురు.

"నాలుగు చెప్పేది కాదన్నా. వెయ్యాల్సింది."

అనేసి ఒక్క దెబ్బ వేస్తే... గోడలు ఝల్లుమనేవి.

పదేళ్లు చెమటోడిస్తే మొదటి రికార్డు తయారైంది. అట్ట అచ్చయి వచ్చింది. ముప్పావు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. డ్రమ్ములు అన్నచోట బొంగురు బావమరిది పేరుంది! ఆయనగారికి కర్ర పట్టడమే రాదు. జుట్టు మాత్రం నడుం దాకా ఉంది, ఫొటోలో బాగుంటాడని.

"అన్నా... నా పేరేది?"

"చోటు చాల్లేదురా."

ముప్పావు అట్ట అక్కడే పెట్టేశాడు. జోరువానలో బండెక్కాడు... ఇల్లు చేరలేదు.

నెల తిరక్కుండా, ఆ గదిలోనే రికార్డు విడుదల పెట్టుకున్నారు. జనం రాకముందే ఒకసారి విని చూద్దామని బొంగురు ఒక్కడే లోపలికెళ్లాడు. దీపం వెలిగించాడు. పదేళ్ల కల కదా! రికార్డు మీద ముల్లు దింపాడు.

గరగర... గరగర...

"ఒకటి..."

బొంగురు రికార్డు మీదికి వంగాడు. ఆ లెక్కని రికార్డులోంచి తన చేత్తో తనే కోసి పారేశాడు కదా!

"రెండు... మూడు..."

ధడేల్!

ఇనుప తలుపు మూసుకుంది. దీపం ఆరింది. చెవి పక్కనే, చల్లగా...

"ఈ డ్రమ్ములు ఎవరివన్నా?"

ఒక్క పేరు. ఆ పేరు చెబితే బయటపడేవాడే. కానీ పత్రికలవాళ్లు అడిగితే చెప్పాలని పదిరోజులుగా అద్దం ముందు వల్లెవేసిన జవాబుంది చూశారూ... నోరు అలవాటుగా దాన్నే అనేసింది.

"మా బావమరిదివి."

ఆ చల్లటి గొంతు ఇంకా దగ్గరికొచ్చింది.

"చోటు చాల్లేదన్నావుగా... ఇక్కడ బోలెడు చోటుందన్నా. కూర్చో."

మళ్లీ మొదలైంది. "ఒకటి... రెండు..."

జనం వచ్చి, గునపాలతో తలుపు పెకిలించేసరికి బొంగురు నేలమీద కూర్చుని ఉన్నాడు. ప్రాణం ఉంది. చెవులే పోయాయి. "ఏమైంది బావా?" అని బావమరిది ఎంత అరిచినా వినపడలేదు. వేలితో నేలమీద మూడుసార్లు కొట్టడం, బిగుసుకుపోయి ఎదురుచూడడం... మళ్లీ మూడు. నాలుగోది ఎప్పుడు పడుతుందోనని ఈనాటికీ అదే పని.

రికార్డుల సంగతంటారా? అన్నీ వేసి చూశారు. గిటారుంది, పాట ఉంది. డ్రమ్ములుండాల్సిన చోటల్లా... గాలి చప్పుడు. ఎవడి చేతిపని వాడు పట్టుకుపోయాడు.

సరే, లేవండి. ఇళ్లకెళ్లి అన్నాలు తినండి. తినేముందు వండినవాళ్లెవరో ఒక్కసారి పైకి చెప్పండి, మరిచిపోకండి.

ఆఁ, ఆఖర్న వెళ్లేవాడా... ఆ తలుపు కాస్త మెల్లగా వెయ్యి నాయనా.