ఉప్పులంక గాడిదలు

ఏడు గంటలకు స్తంభం మీది జాడజల్లెడ గొంతు సవరించుకుంది. వాకిళ్లలో పళ్లు తోముకుంటున్నవాళ్లు తోముకుంటూనే చెవి అటు వేశారు.

"తూర్పు గాలి. బొంతచేపలు నిండుగా ఉన్నాయి, పట్టుకోవచ్చు. పండుగప్ప గుడ్ల మీద ఉంది, మూడు వారాలు వద్దు. మడ అడవిలో కొత్తగా తేనెపట్టు పడింది. లంకలో కొత్త జాడ ఒకటి. మనిషి, ఆడ."

ఆ చివరి మాటకు వీధంతా నవ్వింది. నోటి నిండా నురగతో సువర్చల కూడా నవ్వింది. పెళ్లయి ఆమె ఈ లంకకు కాపురానికి వచ్చి ఇరవై రెండు రోజులు. ఇరవై రెండు పొద్దులూ జల్లెడ ఆమెను ఇలాగే చాటింది.

"వంద రోజులుంటేగానీ అది నమ్మదంటమ్మా" అంది అత్త పేరంటాలు. "నేను మూడో రోజే నమ్మేశా. పప్పులో ఉప్పు సరిగ్గా ఏశావు."

"ఉప్పు నేనెయ్యలేదత్తా. మీ కొడుకేసినాడు."

"అట్టయితే ఇంకా ఆలోచించాల."

సువర్చల తాడిపత్రి పిల్ల. పుట్టింటి నుంచి తెచ్చుకున్న కొర్రలు గుప్పెడు కిటికీ గట్టు మీద చల్లి, జల్లెడ స్తంభం వైపు బయలుదేరింది. ఆమె ఉద్యోగమే అది. జీవతూకం శాఖలో జాడ పరిశీలకురాలు. పెళ్లితోపాటు బదిలీ కూడా కృష్ణ సముద్రంలో కలిసే మొగ దగ్గరున్న ఈ లంకకే దొరికినందుకు ఆమెకు ఇప్పటికీ రోజుకోసారి ఒళ్లు పులకరిస్తుంది.

జల్లెడలు వచ్చి యాభై ఏళ్లయింది. ఏ ప్రాణి అయినా నడిచినా, ఎగిరినా, ఊరికే నిద్రపోయినా తన ఒంటి నలుసులను గాలిలోకి వదులుతూనే ఉంటుంది. చర్మపు పొట్టు, ఈక పొడి, ఊపిరి తడి. జల్లెడ స్తంభం వాటిని వడకట్టి, ఏ ప్రాణివో, ఎన్నింటివో చదివి చెబుతుంది. దాని మాట వినే ఇప్పుడు వల వేస్తారు, గొడ్లను తోలతారు, చెట్లు నాటుతారు. అది వచ్చాకే తాబేళ్లు మళ్లీ ఒడ్డెక్కాయి. అందుకే జల్లెడ మీద ఎవరికీ కోపం లేదు. చిక్కంతా దాని వెనకున్న మూలపట్టికతోనే.

నూట యాభై ఏళ్ల క్రితం ఏ చోట ఏ ప్రాణులు ఉండేవో చెప్పే జాబితా అది. అందులో రెండే గడులు. ఆనాడు ఉన్నవి మూలం, తర్వాత వచ్చినవి పరాయి. పరాయి జంతువులను తేలుపడవల్లో ఎక్కించి, గాలిలో దూరపు శరణాలయాలకు తరలిస్తారు. మనుషులను కదిలించరు గానీ, వాళ్ల పేరు పక్కన 'తాత్కాలికం' అన్న ముద్ర ఉంటుంది. ఈ లంకలోనే పుట్టి యాభై ఎనిమిదేళ్లు నిండిన పేరంటాలు కూడా ఐదేళ్లకోసారి చీటీ మార్పించుకోవలసిందే. ఎందుకంటే ఆమె తాత ఉప్పుమళ్లలో పనికి వచ్చినవాడు.

ఆయనతోపాటే వచ్చాయి గాడిదలు, ఉప్పు బస్తాలు మోయడానికి. నలభై ఏళ్ల క్రితం ఉప్పుమళ్లు మూతపడ్డాక వాటిని ఎవరూ వెనక్కి తీసుకుపోలేదు. అవి మడ అడవిలో పడి, పిల్లల్ని పెట్టి, యజమాని లేని అడవి జంతువులైపోయాయి. ఇప్పుడు మొత్తం నలభై మూడు. పోయిన వారమే శాఖ నుంచి ఉత్తరువు వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం తేలుపడవలు వస్తాయి. అంతకుముందు కడపటి లెక్క తీసి సంతకం చేయవలసింది సువర్చలే.

ఉత్తరువు చదివిన రోజున ఆమెకు అన్నం సయించలేదు. కాపురానికి వచ్చిన మూడోనాడు జరిగింది గుర్తుకొచ్చింది. కొత్తకోడలు మొదటి బిందె చెలమ నీళ్లు తేవాలని వీధి ఆడవాళ్లంతా ఆమెను ఇసకమెరకకు తీసుకెళ్లారు. చుట్టూ సముద్రపు ఉప్పునీరే. ఆ మెరకలో మాత్రం ఇసక కింద వాననీరు పల్చటి పొరగా నిలుస్తుంది. ఆటుపోట్లతో ఆ పొర చోటు మారుతూనే ఉంటుంది. ఇవాళ తియ్యగా ఉన్నచోట రేపు ఉప్పు. దాన్ని వాసన పట్టగలిగేవి గాడిదలే. ఉప్పుమళ్ల కాలంలో పిల్లగా ఉన్న, దొరసాని అనే ముసలి ఆడగాడిద ముంగాలితో ఇసక చిమ్మి చిమ్మి మోకాలి లోతు చెలమ తవ్వింది. సువర్చల బిందె ముంచబోతే పేరంటాలు చెయ్యి పట్టి ఆపింది. "తవ్వినోళ్లు ముందు. తర్వాతే మనం." దొరసాని తీరిగ్గా తాగి, తల ఎత్తి, కొత్తకోడలి పసుపు బట్టల కొంగు కొంచెం నమిలి చూసి, నచ్చక వదిలేసింది. ఆ కొంగును సువర్చల ఇంకా కుట్టించలేదు. అదీ ఒక పెళ్లి కానుకే అని పెట్టెలో దాచుకుంది.

సోమవారం నుంచి జల్లెడ వింతగా మాట్లాడసాగింది. గాడిదలు సున్నా. మంగళవారం సున్నా. బుధవారం కూడా సున్నా. ఇంట్లో పేరంటాలుకు ఉన్నట్టుండి భక్తి ముదిరింది. మూడు పూటలా కుంపటి నిండా సాంబ్రాణి. మడి అంటూ కోడలిని వంటింటి గడప తొక్కనివ్వడం లేదు. వీధిలో ఏ ఇంట చూసినా అదే పొగ.

గురువారం పొద్దున సువర్చల జల్లెడ ముందు కూర్చుని నాలుగు రోజుల లెక్కలు పక్కపక్కన పెట్టుకుంది. ఇసకమెరక దగ్గర సున్నాకు వచ్చింది గాడిదలు ఒక్కటే కాదు. నక్క లేదు. బావురుపిల్లి లేదు. కుందేళ్లు, ఉడుములు, తీతువులు, ఆఖరికి తేనెటీగలు కూడా లేవు. మూలపట్టికలో మొదటి గడిలో కొలువున్న ప్రాణులు తొమ్మిది, నాలుగు రోజుల్లో ఒక్కొక్కటే మెరకను వదిలేశాయి.

పరుగున మెరకకు వెళ్లింది. ఉన్న చెలమలన్నీ ఇసకతో పూడిపోయి ఉన్నాయి. మోకాళ్ల మీద కూర్చుని, చిన్నప్పుడు పెన్నలో తోడినట్టు చేతులతో తోడింది. నీరు ఊరింది. నోట్లో పోసుకుని ఉమ్మేసింది. ఉప్పు. మరో రెండు చోట్ల తోడింది. అక్కడా ఉప్పే.

ఇసక కాళ్లతో ఇంటికి వచ్చి, దాహంతో తిన్నగా వంటింట్లోకి నడిచింది. పొగలో రెండు పొడుగాటి చెవులు కనిపించాయి. దొరసాని పొయ్యి పక్కన నిలబడి బెల్లపన్నం తింటోంది. ఒక చేత్తో పళ్లెం, మరో చేత్తో విసనకర్ర పట్టుకుని పేరంటాలు దాని ముందు పీట వేసుకుని కూర్చుంది.

కాసేపు ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు.

"చుట్టమమ్మా" అంది పేరంటాలు చివరికి.

"ఇట్లాంటి చుట్టాలు వీధిలో ఇంకెంతమంది ఉండారత్తా?"

"నలభై ఇద్దరు. పొగలో జల్లెడకి జాడ అందదని మీ మావగారు ఉన్నప్పుడే అనేవోడు. నీకు చెప్తే నీ ఉద్యోగానికి ఎసరని చెప్పలా."

"రేపు పడవలు పోతాయి. జల్లెడ పోదు కదా. జన్మంతా వంటింట్లోనే పెట్టి మేపుతావా?"

పేరంటాలు విసనకర్ర కింద పెట్టింది. "మరేం చెయ్యమంటావు? మా తాత ఈటి తోక పట్టుకుని నడిచొచ్చాడు. ఈటిని పంపేసి నేనిక్కడ ఎట్టా కూకునేది?"

సువర్చల అత్త పక్కనే నేల మీద చతికిలబడి, తాను చూసింది చెప్పింది. గాడిదలు ఇళ్లలో ఉన్నందుకు చెలమలు పూడాయి, చెలమలు పూడినందుకు తక్కినవి పోయాయి. గాడిదలను తీసేస్తే ఏమవుతుందో చూడాలని శాఖలో ఎవరికీ తట్టలేదు. వీధివాళ్లు తెలియక అదే చేసి చూపించారు. "కానీ మీరు దాచినారని నేను నోటితో చెప్పాల. చెప్పేదా?"

పేరంటాలు దొరసాని మెడ నిమురుతూ ఆలోచించింది. "నిజం చెప్తే నిన్నేమన్నా అంటారా?"

"అనొచ్చు. తీసేయొచ్చు కూడా."

"తీసేస్తే నా కొడుకు పడవల బ్యాటరీలు బాగుచేసి పోషిత్తాడులే. చెప్పు."

సువర్చల పిలవగానే పై అధికారి కమలాకర్ గారి ఎదుటబొమ్మ వంటింటి మధ్యలో వెలిగింది. నిలువెత్తు వెలుగు మనిషి. సువర్చల చెప్పిందంతా ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా గాడిద.

"ఇది... నిజమైనదేనా?"

"అవును సార్. బొమ్మ మీరే."

ఆయన నవ్వకుండా ఉండడానికి కష్టపడ్డాడు. "అమ్మాయ్, నాలుగు రోజులు తీసి చూస్తే సగం రుజువే. తిరిగి వదిలితే తక్కినవి వెనక్కి రావాలి. రేపు మధ్యాహ్నంలోగా వస్తేనే నేను ఎవరితోనైనా మాట్లాడగలను. రాకపోతే తరలింపు ఆగదు. సంతకం నువ్వే చెయ్యాలి."

వీధిలో నలభై మూడు తలుపులు తెరుచుకున్నాయి. కుంపట్లు ఆరిపోయాయి. అనుకోని చిక్కు అప్పుడు వచ్చింది. గాడిదలు బయటికి రాలేదు. నాలుగు రోజుల బెల్లపన్నం, మెత్తటి గోనెలు, విసనకర్ర గాలి. ఏ జంతువు మాత్రం వదులుకుంటుంది? వెనక నుంచి నెట్టినవాళ్లను తన్నాయి. ముందు నుంచి లాగినవాళ్లను నాకాయి.

"కొత్తల్లుడినని మీ అమ్మన్నా నన్ను ఇట్టా చూసుకుందా" అన్నాడు సువర్చల భర్త నాంచారయ్య, దొరసానిని భుజంతో నెడుతూ.

"మా అమ్మ నిన్ను చూసే ఒప్పుకున్నాది. గాడిదను చూసుంటే దానికే ఇచ్చేది."

ఆఖరికి పేరంటాలే లేచి, గుమ్మం బయట నిలబడి, తాత నేర్పిన పాత కేక వేసింది. ఉప్పుమళ్లలో బస్తాలు దించాక నీళ్లకు వదిలేటప్పుడు వేసే కేక. నలభై ఏళ్లుగా ఎవరూ వేయనిది. దొరసాని చెవులు నిక్కబొడిచింది. పళ్లెం వంక ఒకసారి చూసి, నిట్టూర్చి, గుమ్మం దాటింది. దాని వెనక రెండోది. దాని వెనక వీధి వీధంతా. పొద్దు వాలకముందే మెరక మీద ఇసక చిమ్ముతున్న చప్పుడు ఇంటి దాకా వినిపించింది.

శుక్రవారం ఏడు గంటలకు వాకిళ్లలో ఎవరూ పళ్లు తోముకోవడం లేదు. అందరూ స్తంభం కిందే ఉన్నారు.

"దక్షిణపు గాలి" అంది జల్లెడ. "ఇసకమెరక దగ్గర గాడిదలు నలభై మూడు. నక్కలు రెండు. బావురుపిల్లి ఒకటి, పిల్లతో. తీతువులు ఆరు. తేనెటీగలు నిండుగా." ఒక్కొక్క పేరుకూ జనం పెళ్లిలో తలంబ్రాలు పోసినట్టు చేతులెత్తారు. తొమ్మిదింటిలో ఏడు వచ్చేశాయి. పది గంటలకు ఉడుము వచ్చింది. తేలుపడవలు ఆకాశంలో చుక్కల్లా కనిపిస్తుండగా, కుందేలు కూడా వచ్చింది.

కమలాకర్ గారి కబురు అంది, పడవలు లంక మీద ఒక చుట్టు తిరిగి, ఖాళీగా వెనక్కి మళ్లాయి. పడవల కడుపులు కనుమరుగయ్యేదాకా నాంచారయ్య తువ్వాలు ఊపుతూనే ఉన్నాడు.

నెల తిరక్కముందే మూలపట్టికలో మూడో గడి గీశారు. దాని పేరు 'తోడు'. బయటి నుంచి వచ్చినా, తమ పనితో ఇక్కడి ప్రాణులను బతికించేవి ఇక ఇక్కడివే. కొత్త దరఖాస్తులో రెండే ప్రశ్నలు. పేరేమిటి? అది లేనప్పుడు ఇక్కడ ఏం తగ్గింది? మొదటి వరుసలో సువర్చల గాడిదలను రాసింది.

తల ఎత్తేసరికి ఎదురుగా పేరంటాలు, ఉతికిన చీర కట్టుకుని. "రెండో వరుసలో నా పేరు రాయి. గాడిదల కింద రాత్తే నాకేం నామోషీ లేదు."

జల్లెడను అడిగారు. ఆరేళ్ల క్రితం పేరంటాలు కూతురి పురిటికి వెళ్లిన నెలలో తాబేలు పిల్లలు సగానికి పడిపోయాయి. గూళ్ల చుట్టూ ఏటా తాటాకు దడి కట్టేది ఆమేనని అంతవరకు జల్లెడకు తెలియదు, ఆమె కూడా ఎవరికీ చెప్పలేదు. 'తోడు' అని ముద్ర పడింది. యాభై ఎనిమిదేళ్ల తాత్కాలికం ఒక్క క్షణంలో చెరిగిపోయింది. పేరంటాలు ఆ మాటను వేలితో తడిమి చూసుకుని, ముక్కు చీదుకుని, "కాస్త పెద్ద అచ్చరాలేస్తే ఏం పోయేది" అంది.

ఇక ఆగితే కదా. గాడిదల కోసం గీసిన గడికి రెండువందల పన్నెండు మంది మనుషులు వరుస కట్టారు. ప్రాణులను లెక్కపెట్టడానికి చేసిన యంత్రాన్ని ఒక్కొక్కరూ ఒకే మాట అడుగుతున్నారు. నేను లేనప్పుడు ఏం తగ్గింది? ఒకతను లేనప్పుడు కొంగలు తగ్గాయి. ఒకామె లేనప్పుడు మడ మొలకలు తగ్గాయి. "మా ఆయన లేని పది రోజులూ ఏమీ తగ్గలేదా?" అని రెండుసార్లు అడిగింది ఒకావిడ. కొంచెం ఆలోచించి, "కప్పలు" అంది జల్లెడ. ఆ భర్త రొమ్ము విరుచుకుని ఇంటికి నడిచాడు.

చివరికి సువర్చల ఒక్కతే మిగిలింది. వచ్చి రెండు నెలలు కాలేదు. లంక వదిలి ఒక్కనాడూ వెళ్లలేదు. తాను లేనప్పుడు ఏం తగ్గిందో ఎలా తెలుస్తుంది?

"నువ్వు రాకముందు లెక్క అడుగుదాం" అన్నాడు నాంచారయ్య.

జల్లెడ చాలాసేపు వెతికింది. "పిచ్చుకలు" అంది. "ముందు రెండు. ఇప్పుడు పదకొండు. ఒకే కిటికీ దగ్గర."

సువర్చల కిటికీ గట్టు వైపు చూసింది. పొద్దున చల్లిన కొర్రలు ఒక్క గింజ మిగలలేదు. వంద రోజులు నిండకముందే ఆమె పేరు పక్కనా 'తోడు' ముద్ర పడింది.

మర్నాడు ఏడు గంటలకు జల్లెడ చేపల సంగతి చెప్పింది, గాలి సంగతి చెప్పింది. "లంకలో కొత్త జాడలు లేవు" అని ముగించింది. వీధికి వెలితిగా తోచింది. అలవాటైన మాట రాలేదు మరి. అప్పుడు వేపపుల్ల నోట్లోంచి తీసి, ఎదురింటాయన స్తంభం గొంతు పెట్టి చాటాడు. "మనిషి, ఆడ." పక్కింటివాళ్లు అందుకున్నారు, ఆ పక్కవాళ్లు అందుకున్నారు. సువర్చల నోటి నిండా నురగతో నవ్వుతూ, బిందె చంకనేసుకుని మెరకకు నడిచింది. దొరసాని ఇంకా తాగుతూనే ఉంది. ఆమె ఒడ్డున కూర్చుని తన వంతు కోసం ఎదురుచూసింది.